కొబ్బరి నూనె రాసిన బల్లి

మా ఇంట్లో ఎవరైనా ఒక గట్టి మాట అన్నారంటే, అన్న వెంటనే నోరు మూసుకుని గోడ వైపు చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడేదో దేవుడి పటం ఉందనుకుని దణ్ణం పెట్టబోతారు. పటం లేదు. ట్యూబులైటు ఉంది. దాని వెనక ఒక బల్లి ఉంది.

నేను కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆ చోట బల్లి ఉండడం చూస్తున్నాను. అప్పటిదీ ఇప్పటిదీ ఒకటేనా అని మా అత్తని ఒకసారి అడిగాను.

"బల్లికి పేరేటి, ఊరేటి? ఆ గోడ మీద ఉన్నదే మన బల్లి" అంది.

మా అత్త ఏ పని మొదలెట్టాలన్నా పైకి చెప్పి, ఒక్క క్షణం ఆగేది. బల్లి పలికిందా, చూపుడువేలితో నేల మీద టకటకా కొట్టి "అదిగో, సత్యం" అనేది. ఇంక ఆ పని ఆగదు. పలక్కపోతే మర్నాడు చూద్దాం. మా ఆయన పెద్ద టీవీ తెస్తానన్న సాయంత్రం బల్లి పలికింది. అది టీవీ కోసం పలికిందో, లైటు చుట్టూ తిరిగే పురుగు కోసం పలికిందో నాకు ఇప్పటికీ అనుమానమే. టీవీ మాత్రం వచ్చింది.

మాది పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో, ఉద్దానంలో ఒక ఊరు. కొబ్బరి, జీడి, పనస. మా ఆయన కొబ్బరికాయల లోడు బండి నడుపుతాడు. మా అత్త ఇంట్లో కూర్చుని జీడిపప్పుకి పొట్టు తీస్తుంది. ముందర రెండు చేటలు పెట్టుకుంటుంది. విరగని గుండ్లు ఒక చేటలో, విరిగిన బద్దలు ఇంకో చేటలో. ఆవిడ వేలు తగిలితే చాలు, పొట్టు ఊడిపోయేది. టీవీ చూస్తూ, నన్ను తిడుతూ, వీధిలో పోయేవాళ్ళని పలకరిస్తూ తీసినా ఒక్క గుండు బద్దల్లో పడేది కాదు.

అలాంటిది, గుండ్ల చేటలో బద్దలు రావడం మొదలయ్యింది. తర్వాత పొట్టు ఉన్న పప్పులే రావడం మొదలయ్యింది. నేను చెప్పకుండా తీసి సరిచేసేదాన్ని. ఒకరోజు బావి దగ్గర గట్టు ఉందనుకుని ఖాళీలో అడుగు వేయబోయింది. చెయ్యి పట్టుకుని లాగాను. "నూతిలో పడతానేటి, నన్ను లాగుతావు?" అని నన్నే కసిరింది. నా చెయ్యి మాత్రం ఇంటిదాకా వదల్లేదు.

ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ టార్చి వేసి చూసి, రెండు కళ్ళకీ పొర కమ్మింది అంది. కుడి కన్ను బాగా ముదిరింది, ఇంక ఆలస్యం చేయకూడదు, టెక్కలిలో ఆపరేషన్ చేస్తారు, మర్నాటికి ఇంటికి వచ్చేయొచ్చు అని నచ్చజెప్పింది. మా అత్త అంతా విని, "బల్లిని అడిగి సెప్తాను" అంది. నర్సమ్మ నవ్వింది. మేం నవ్వలేదు. అది వేళాకోళం కాదని మాకు తెలుసు.

అడిగింది కూడా. "టెక్కలి ఎల్లి కంటికి ఆపరేసన్ సేయించుకుంటాను" అని గోడకి చెప్పేది. ఆగేది. బల్లి పలికేది కాదు. "సూసినావా, వద్దంతంది" అని లేచిపోయేది. నాకు కొన్నాళ్ళకి గానీ తట్టలేదు. మిగతా సంగతులన్నీ దీపాలు పెట్టే వేళ అడిగే మనిషి, ఈ సంగతి మాత్రం మిట్టమధ్యాహ్నం అడుగుతుంది. బల్లి ఆ వేళకి లైటు వెనక మంచి నిద్రలో ఉంటుంది. పలకమంటే ఎలా పలుకుతుంది?

మా ఆయనకి చెప్పాను.

"బల్లీ కాదు గిల్లీ కాదు. అదంతా పెద్దమ్మ మాట సలవ" అన్నాడు.

పెద్దమ్మ అంటే మా అత్తకి తోడికోడలు, నాకు పెద్దత్త. మా ఎదురిల్లే. ఊళ్ళో ఒక గృహప్రవేశం భోజనాల్లో మా అత్త వడ్డించడానికి లేచి, చారు గరిటెతో ఒకాయన విస్తట్లో ఉన్న పాయసం మీద చారు పోసేసింది. అందరూ గొల్లుమన్నారు. ఊరుకుంటే పోయేది. పెద్దత్త పంక్తి చివరి నుంచి, "కళ్ళు కనపడవు గానీ పెత్తనం మాత్రం బాగా కనపడతాది మా సెల్లికి" అంది. ఆ రోజు నుంచి తోడికోడళ్ళకి మాటల్లేవు. ఆ తర్వాత పెద్దత్త తన కంటికి టెక్కలిలోనే ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చోవడం మొదలెట్టింది. మా అత్త ఇప్పుడు టెక్కలి వెళ్ళిందంటే, ఆవిడ అన్నమాట నిజమని ఊరందరికీ ఒప్పుకున్నట్టే కదా. అందుకే మధ్యాహ్నం బల్లి.

ఇలా ఉండగా, జీడి తోటల్లో పళ్ళ వాసన పోయి మబ్బులు కమ్మే రోజుల్లో, ఒక సాయంత్రం సముద్రం వైపు నుంచి దుమ్ముగాలి లేచింది. నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. మా అత్త తడుముకుంటూ వెళ్ళి హాల్లో కిటికీ తలుపు గట్టిగా లాగి గడియ పెట్టింది. నేను లోపలికి వచ్చేసరికి కిటికీ కింద నేల మీద ఏదో గిలగిలా కొట్టుకుంటోంది. చూస్తే బల్లి తోక. ఒక్క తోకే.

"అత్తా, కిటికీ తియ్యి!" అన్నాను.

"ఎందుకే, వానొత్తంటే?"

నేనే తీశాను. తలుపు సందులోంచి బల్లి జారి గట్టు మీద పడింది. వెనక ఎడమ కాలు నలిగిపోయి, ఉతికిన గుడ్డ పీలికలా పక్కకి వాలిపోయింది. కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. బల్లి కళ్ళు ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయనుకోండి.

మా అత్త మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఆవిడకి బల్లి కనపడలేదు. గట్టు మీద వేలు పెట్టి తడిమి, మెత్తగా తగిలేసరికి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మన బల్లేనా?"

"మన బల్లే."

"ఎవరు నలిపినారు?"

నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ కిటికీకి గడియ పెట్టింది ఆవిడే.

ఆవిడ అలాగే గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. "ఇన్నేళ్ళు నాకు నిజం సెప్పిన నోరు. దాని కాలు ఇరిసీసినాను. ఇంకది నాతో పలుకుద్దేటి?" అంది. అంతవరకూ బల్లి ఆవిడకి ఒక సాకు. ఆ పూట నుంచి నిజంగానే భయం పట్టుకుంది. అది బతికి, గోడెక్కి, తన మాటకి పలికితేనే ఊరి పొలిమేర దాటుతాను, అంతవరకూ టెక్కలి మాట ఎత్తొద్దని ఒట్టు పెట్టేసుకుంది.

ఇక మా ఇంట్లో వైద్యం మొదలయ్యింది. అన్నం గిన్నెల మీద ఈగలు వాలకుండా బోర్లించే మడత గొడుగులాంటి వల మూత ఉంటుంది కదా, దాని కింద పెట్టాం బల్లిని. కింద స్టీలు పళ్ళెం, పళ్ళెంలో మెత్తటి కొబ్బరి పీచు, ఒక సీసా మూతలో నీళ్ళు. ఆ వల మూత బల్లికి పోయిందని మా ఆయన అన్నాళ్ళూ ఈగల్ని తోలుకుంటూ అన్నం తిన్నాడు.

"ఈ ఇంట్లో మనిసిగా పుట్టడం కన్నా బల్లిగా పుట్టడం మేలు" అనేవాడు.

"నీ కాలు కూడా కిటికీలో పెట్టు, నీకూ మూత కొంటాను" అనేది మా అత్త.

అంతా అని, సాయంత్రం దోమల బ్యాటు పట్టుకుని ఇల్లంతా తిరిగి చిటపటమని దోమల్ని కొట్టి, వాటిని కాగితంలో తెచ్చి బల్లి ముందు పెట్టేవాడు మా ఆయనే. బల్లి ముట్టేది కాదు. వేయించిన దోమలు దానికి సయించలేదు. కదిలేదాన్నే తింటుంది కాబోలని నేను ఈగని గ్లాసు కింద పట్టి మూతలోకి వదిలాను. బల్లి కదలకుండా చూసి, చూసి, మూడు కాళ్ళ మీదే ఒక్క దూకు దూకి మింగింది. మా అత్తకి కనపడలేదు గానీ, నేను "తినీసింది!" అని కేక పెట్టగానే రెండు చేతులూ జోడించింది. మొదటి వాన పడి ఉసిళ్ళు లేచినప్పుడైతే పండగే. లైటు కింద పళ్ళెంలో నీళ్ళు పెట్టి పట్టాను. బల్లి పొట్ట ఉబ్బి, లోపల తిన్నదంతా బయటికి నీడలా కనపడేది.

తిండి పని నాది, మందు పని మా అత్తది. మా ఉద్దానంలో మందంటే కొబ్బరి నూనె. తల నొప్పికి అదే, కాలిన చేతికి అదే, జీడి సొన తగిలి ఒళ్ళు పొక్కితే అదే, పిల్లల బొడ్డుకి అదే, తలుపు కిర్రుమంటే అదే. మా అత్త ఇంట్లో ఆడించిన నూనె చిప్పలో పోసుకుని, చిటికెడు పసుపు కలిపి, కోడి ఈకతో పొద్దునా సాయంత్రం రాసేది. కన్ను కనపడదు కదా, నలిగిన కాలు ఏదో తెలియక, దేనికీ లోటు రాకూడదని నాలుగు కాళ్ళకీ రాసేది. పొట్టకి కూడా.

"నూనెకి బద్ధకం లేదే కోడలా. ఎక్కడ నొప్పుంటే అక్కడికి అదే ఎల్తాది" అనేది.

కాలు ఎండింది. వాపు తగ్గింది. వంకరగా అతుక్కుంది గానీ అతుక్కుంది. తోక తెగిన చోట మొలకలాంటిది వచ్చింది. బల్లి వల మూత లోపల హుషారుగా తిరుగుతోంది. సరే మంచి రోజని, మూత తీసి, నేను దాన్ని పాత కార్డు ముక్క మీద ఎక్కించి గోడకి ఆనించాను. బల్లి గోడ పట్టుకుంది. రెండు అడుగులు వేసింది. మెల్లగా, గౌరవంగా, లిఫ్టులో దిగినట్టు కిందికి జారిపోయింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది.

"నీరసం" అంది మా అత్త. ఇంకో రెండు ఈకల నూనె రాసింది.

మర్నాడు కూడా అంతే. మూడు కాళ్ళు బాగున్నా గోడ ఎందుకు పట్టలేకపోతోందో మాకు అర్థం కాలేదు. మా ఆయన గోడకి వేసిన రంగు మంచిది కాదన్నాడు. నేను లోపల ఎముకకి ఏదైనా అయ్యిందేమో అనుకున్నాను. మా అత్త నూనె పెంచింది. చివరికి గోడకి నిచ్చెనలాగ పాత చాప ఆనించాం. చాప మీద గోళ్ళు దిగి, పాకి పాకి పైదాకా వెళ్ళి, అక్కడ చాప అయిపోయి గోడ మొదలయ్యేసరికి అక్కడే వేలాడుతూ ఉండేది. ఆ చాప కిందే మా అత్త తన చేటలు పెట్టుకుని కూర్చునేది. తలెత్తి, "పైన ఉన్నావేటి?" అని అడిగేది. దీపాలు పెట్టే వేళ ప్రతిరోజూ టెక్కలి మాట గోడకి చెప్పేది. ఇప్పుడు మధ్యాహ్నం కాదు. నిజంగానే అడుగుతోంది. బల్లి పలకడం లేదు. నర్సమ్మ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. రెండోసారి నవ్వలేదు. "మీ ఇష్టం, ఆ కన్ను ఇంకా ముదరనిస్తే నా మీద అనుకోవద్దు" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే చాప మీంచి గోడకి మారబోయి, బల్లి పట్టు తప్పి, టప్పుమని వచ్చి మా అత్త నడినెత్తిన పడింది.

బల్లి తల మీద పడడం అంటే ఏమిటో మన ఇళ్ళల్లో చెప్పనక్కర లేదు. పంచాంగంలో ఒక పేజీ నిండా ఉంటుంది, భుజం మీదైతే ఇది, కాలి మీదైతే అది అని. తల మాత్రం మంచిది కాదు. మా అత్త నిలువునా లేచిపోయింది. చేటలు రెండూ తిరగబడి గుండ్లూ బద్దలూ ఒకటైపోయాయి. కట్టుకున్న చీరతోనే నూతి దగ్గరికి వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకుంది. దేవుడి దగ్గర దీపం పెట్టింది.

"ఇది సాలదే. కంచి సెయ్యి తగలాల" అంది.

కంచిలో గుడి పైకప్పుకి బంగారు బల్లీ వెండి బల్లీ ఉంటాయి. మెట్లెక్కి వాటిని ముట్టుకున్నవాళ్ళకి బల్లి దోషం అంటదు. వెళ్ళలేనివాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళని ముట్టుకుంటే సరిపోతుంది. మా వీధిలో కంచి వెళ్ళొచ్చిన మనిషి ఒక్కతే ఉంది. యాత్రల బస్సులో వెళ్ళింది. అప్పటినుంచీ ఎవరి మీద బల్లి పడినా పరుగెత్తుకుని ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ అరుగు మీద కూర్చుని డాక్టరమ్మలా చెయ్యి చాపుతుంది. ఆవిడ ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నల్లకళ్ళద్దాల పెద్దత్త.

మా అత్త తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి ఎదురింటి వైపు చూసింది. కొంగుతో జుట్టు ఒకసారి ఒత్తుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పద" అంది.

పెద్దత్త అరుగు మీదే ఉంది. మమ్మల్ని చూసి కళ్ళద్దాలు సరిచేసుకుంది. మా అత్త రెండడుగుల దూరంలో ఆగిపోయి, నా వైపు తిరిగి చెప్పింది.

"కోడలా, సెప్పు ఆవిడికి. నా నెత్తి మీద బల్లి పడినాదని."

పెద్దత్త కూడా నా వైపే తిరిగింది. "విన్నాను అని సెప్పు. మీ ఇంట్లో సేటలు పడిన సప్పుడు ఊరంతా విన్నాదని సెప్పు."

"సెయ్యి ఇమ్మను."

పెద్దత్త తన రెండు చేతులూ పైట కిందికి దోపేసుకుంది. "ఇవ్వనని సెప్పు."

మా అత్త ఒక అడుగు ముందుకి వేసింది. "ఊరందరికీ ఇచ్చే సెయ్యే గదా. నాకెందుకివ్వదో అడుగు."

"ఊరందరూ బల్లి పడితే వత్తారు. నీ అత్త నూతిలో పడ్డాక వత్తాది. అప్పుడు నా సెయ్యేం పని సేస్తాది? టెక్కలి బయల్దేరమను. బస్సెక్కితే పక్కన కూకోబెట్టుకుని దారంతా సెయ్యి పట్టుకుంటాను. ఇక్కడ మాత్రం ఇవ్వను."

నేను ఇద్దరి మధ్యా నిలబడి దేన్ని ఎవరికి చెప్పాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాను. మా అత్త నన్ను పక్కకి నెట్టేసి మొదటిసారి నేరుగా మాట్లాడింది.

"నానెలాగెల్తానప్పా? నా కళ్ళు కనపడక దాని కాలు ఇరిసీసినాను. అది పలికితే ఎల్తానని ఒట్టేసినాను. ఎంత మందు రాసినా గోడెక్కదు. ఎక్కందే పలకదు."

"అప్పా" అని అక్కలా పిలిచిన పిలుపు విని చాలా కాలమయ్యింది కాబోలు, పెద్దత్త పైట కింది నుంచి చేతులు తీసింది. తర్వాత అరుగు దిగింది. "ఏదీ, సూపించు ఆ బల్లిని" అంటూ మా కన్నా ముందే మా గుమ్మం ఎక్కింది.

బల్లి చాప మొదట్లో కూర్చుని ఉంది. పెద్దత్త కళ్ళద్దాలు తీసేసి, వంగి, దాన్ని అరచేతిలోకి తీసుకుంది. నేను కెవ్వుమన్నాను.

"ఏటి అరుస్తావు? బంగారు బల్లిని ముట్టుకున్నదాన్ని, మీ మట్టి బల్లికి భయపడతానేటి?" అంది. లైటు కిందికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. తన చెయ్యి చూసుకుంది. చేతి వేళ్ళు ఒకదానికొకటి రుద్దింది. వాసన చూసింది. చూసి, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలెట్టింది.

"ఏటప్పా?"

"ఒలే పిల్లా, దీనికి నూనె రాసినావేటి?"

"రాయకపోతే నొప్పెలా తగ్గుద్ది?"

"కాలికి రాయి. పాదాలక్కూడా రాస్తారేటి? కృష్ణాష్టమికి స్తంభానికి నూనె పూసి కుర్రగుంటల్ని ఎక్కమంటారే, అలగ సేసినావు దీన్ని! గోడ ఎక్కే జీవికి పాదాలకే తలంటు పోసినావు. ఆ గుంటలైనా ఏడాదికి ఒక్కనాడే జారతారు, దీన్ని రోజూ జారించినావు."

మా ఆయన అప్పుడే బండి పెట్టి లోపలికి వస్తున్నాడు. సంగతి విని అక్కడే గుమ్మంలో చతికిలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రోజూ దగ్గరుండి ఈగలు పెట్టినదాన్ని, రెండు కళ్ళూ ఉన్నదాన్ని, ఆ నూనె మెరుపు నాకూ కనపడింది. నూనె ఉంటే మంచిదే కదా అని ఊరుకున్నాను. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి కొబ్బరి నూనెలో తప్పు కనపడదు.

మా అత్త మాత్రం, "నాకు కనపడలేదప్పా" అంది మెల్లగా. ఆ ఒక్క మాట ఇన్నాళ్ళూ ఆవిడ నోటి నుంచి ఎవరూ రప్పించలేకపోయారు.

పెద్దత్త నవ్వు ఆపేసింది. "తలంటు పోసినావు గాని సున్నిపిండి రుద్దలేదు, అదే నీ తప్పు. తే కోడలా" అంది.

తెచ్చాను. సున్నిపిండి పొడి చల్లి, నాలుగు పాదాలకీ మెత్తటి గుడ్డతో అద్ది, మళ్ళీ చల్లి, మళ్ళీ అద్ది, వేళ్ళ సందులన్నీ తుడిచాం. వంకర కాలి దగ్గర పెద్దత్త ఊపిరి బిగబట్టి తుడిచింది. బల్లి రెండుసార్లు ఆవిడ వేలు కరిచింది. దాని పళ్ళు ఏపాటివి? "కరు, కరు. మీ ఇంట్లో అందరూ నన్ను కరిసినవోళ్ళే" అంది. ఆఖర్న ఉప్మా గిన్నె మీది ఆవిరి తుడిచినట్టు పొట్ట కూడా ఒకసారి తుడిచి, గోడకి ఆనించింది.

బల్లి ఆలోచించింది. ముందు కాలు వేసింది. రెండోది వేసింది. వంకర కాలిని వెనకాల ఈడ్చుకుంటూ, జారకుండా, ట్యూబులైటు దాకా వెళ్ళి, దాని వెనక తన పాత చోట్లో దూరిపోయింది.

"ఎక్కినాదా?" అంది మా అత్త.

"ఎక్కినాదమ్మా" అన్నాడు మా ఆయన.

మా అత్త నేల మీద కూర్చుంది. గోడ వైపు తలెత్తి, "టెక్కలి ఎల్లి కంటికి ఆపరేసన్ సేయించుకుంటాను" అంది. ఆగింది. మేమంతా ఆగాం. ఫ్యాను తిరుగుతోంది. బల్లి పలకలేదు. పాపం, దాని తలనొప్పి దానిది. మా అత్త భుజాలు కిందికి జారిపోవడం చూశాను.

అప్పుడు గోడ వైపు నుంచి కాదు, నా పక్క నుంచి, "టిక్ టిక్ టిక్" అని వినపడింది. పెద్దత్త. నాలుకని అంగిటికి కొట్టి, కళ్ళు పైకప్పు మీద పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

మా అత్త చూపుడువేలు తనంతట తానే నేల మీద టకటకా కొట్టింది.

పెద్దత్తే అంది, "పలికింది బల్లి కాదే."

"నాకు కళ్ళే కనపడవు. సెవులు ఇనపడతాయి."

"మరి వేలెందుకు కొట్టినావు?"

"ఏ నోటంట వచ్చినా నిజం నిజమే గదా" అంది మా అత్త. పైటతో మొహం తుడుచుకుని, "ఇప్పుడైనా సెయ్యి ఇవ్వు" అంది.

"బస్సెక్కు, ఇస్తాను" అంది పెద్దత్త.

అన్నట్టే ఇచ్చింది. కాశీబుగ్గలో బస్సెక్కాక, కిటికీ పక్క మా అత్త, మధ్యలో పెద్దత్త, ఇటు చివర నేను. కండక్టరు "టెక్కలి, కోటబొమ్మాళి, శ్రీకాకుళం" అని అరుస్తుంటే ఇద్దరూ చేతులు పట్టుకుని, బడికి వెళ్ళే ఆడపిల్లల్లా కూర్చున్నారు. పట్టుకున్నారే గానీ దారంతా పాయసం మీద చారు పోసిన సంగతే తగువాడుకున్నారు. చారు పోసింది ఒక విస్తట్లోనా రెండు విస్తళ్ళలోనా అని. ఆసుపత్రిలో లోపలికి పిలిచినప్పుడు మా అత్త ఆ చెయ్యి వదలలేదు. నర్సు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది.

కట్టు విప్పి, నల్లకళ్ళద్దాలు పెట్టి పంపారు. ఇంటికి వచ్చాక నేను కాళ్ళు కడుక్కోమన్నా వినకుండా తిన్నగా హాల్లోకి వెళ్ళింది. దీపాల వేళ. బల్లి లైటు వెనక నుంచి బయటికి వచ్చి, పురుగు కోసం కాపు కాస్తోంది. మా అత్త తలెత్తి కుడి కంటితో చూసింది. చాలాసేపు చూసింది.

"ఓలమ్మ. ఇంత సిన్నదా?"

ఇన్నేళ్ళూ దాని మాటకి తల వంచీ వంచీ, ఆవిడ మనసులో అది ఉడుమంత పెరిగినట్టుంది. తర్వాత వంకర కాలు చూసింది. గోడ మీది నుంచి చూపు పక్కకి జరిపి, "ఏటే కోడలా, ఆ మూలన అంత బూజేటి? నాకు కనపడదని తుడవడం మానేసినావేటి?" అంది. నాకు ఆ మూలలో బూజు ఉందని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు గుండ్ల చేటలో బద్దలు రావడం లేదు. రెండో కంటికి కూడా మళ్ళీ టెక్కలి వెళ్ళొచ్చారు. ఈసారి బల్లిని అడగనే లేదు. సాయంత్రాలు పెద్దత్త మా ఇంట్లోనే కూర్చుంటుంది. మాట మధ్యలో బల్లి పలికితే, అది తన మాటకే పలికిందని ఇద్దరూ తగువు. పెద్దత్త నాలుకతో ఇంకోసారి టిక్కుమనిపించి నెగ్గాలని చూస్తుంది. కానీ ఇప్పుడు మా అత్త మోసపోదు. ముందు తలెత్తి లైటు దగ్గర ఆ వంకర కాలు ఉందా లేదా చూస్తుంది. ఉంటేనే వేలు కొడుతుంది.